ఎవరూ అడగని కథ

కారిల్ చర్చిల్ రాసిన 'టాప్ గర్ల్స్' నాటకం పాఠం చెప్తున్న రోజుల్లో నాకు నిజో పరిచయమైంది. 1982లో లండన్‌లో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటకం మొదటి అంకంలో ఒక రెస్టారెంటులో బల్ల చుట్టూ కొందరు ఆడవాళ్లు చేరతారు. కొందరు చరిత్రలోంచి వచ్చినవాళ్లు, కొందరు కథల్లోంచి, ఒకామె ఏకంగా ఒక చిత్రంలోంచి. ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటారు. ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు. ఆ బల్ల దగ్గర ఒక జపాన్ స్త్రీ పట్టుబట్టల గురించీ, రంగుల గురించీ మాట్లాడుతూనే ఉంటుంది. చక్రవర్తి తన దగ్గరికి వచ్చిన రాత్రి గురించి కూడా దాదాపు అదే గొంతుతో చెప్తుంది. క్లాసులో పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. బెల్లు కొట్టాక ఒక అమ్మాయి ఆగి, "మేడమ్, ఆమె వద్దనలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాటకంలోని నిజో తప్ప అసలు నిజో ఏం చెప్పుకుందో నేను చదవలేదు మరి.

తర్వాత చదివాను. కారెన్ బ్రాజెల్ 1973లో చేసిన ఇంగ్లీషు అనువాదం లైబ్రరీలో దొరికింది. జపనీస్‌లో ఆ పుస్తకం పేరు 'తొవజుగతారి'. ఎవరూ అడక్కుండానే చెప్పిన కథ అని అర్థం. అడిగేవాళ్లు లేరని తెలిసీ ఒక ఆడమనిషి అయిదు భాగాలుగా తన ముప్పయి అయిదేళ్ల జీవితాన్ని రాసి పెట్టింది. 1271లో మొదలై 1306లో ముగుస్తుంది.

ఆ కాలాన్ని అక్కడివాళ్లు బున్ఎయ్ శకం అంటారు. 1264 నుంచి 1275 దాకా. అరవై సంవత్సరాల చక్రం మళ్లీ మొదటికొచ్చిన ఏడు అరిష్టం తెస్తుందన్న భయంతో శకం పేరు మార్చేవాళ్లు. 1264 అలాంటి ఏడే. రాజ్యాధికారం అప్పటికే క్యోతో నగరం నుంచి కమకురాలోని సైనిక ప్రభుత్వం చేతుల్లోకి పోయింది. అక్కడ షోగున్ కూడా పేరుకే, అసలు పెత్తనం హోజో వంశానిది. క్యోతోలో మిగిలింది కొలువు, కొలువు మర్యాదలు, ఏ పండక్కి ఎవరు ఏ రంగు బట్ట కట్టాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్న పట్టింపులు. అధికారం ఎంత తగ్గితే మర్యాద అంత పెరుగుతుందేమో. చితికిపోయిన జమీందారీ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అప్పుడు సింహాసనం మీద ఉన్నది కమెయామా. అతని అన్న గో ఫుకాకుసా నాలుగేళ్ల వయసులో చక్రవర్తయి, తండ్రి గో సగా మాట మీద తమ్ముడికి సింహాసనం వదులుకుని, మాజీ చక్రవర్తిగా వేరే భవనంలో కొలువు నడుపుతున్నాడు. అన్నదమ్ముల మధ్య మొదలైన ఈ పోటీ రెండు వంశశాఖలుగా చీలి, చివరికి 1336లో దేశంలో రెండు కొలువులుగా బద్దలైంది. చరిత్ర పుస్తకాలు దీని గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. నిజో గో ఫుకాకుసా కొలువులోనే పెరిగింది. 1258లో పుట్టింది. రెండో ఏట తల్లి పోయింది. నాలుగో ఏట రాజభవనానికి వచ్చింది. తండ్రి కోగా మసతద పెద్ద పదవిలో ఉన్న సభాసదుడు. నిజో అనేది ఆమె పేరు కూడా కాదు, ఒక వీధి పేరు. రెండో వీధి. కొలువులో స్త్రీలకు హోదాను బట్టి వీధుల పేర్లు పెట్టేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు మనదాకా రాలేదు. గో ఫుకాకుసా మాత్రం ఆమెను 'అగాకో' అనేవాడు. 'నా పిల్ల' అని.

ఈ పిలుపు వెనక ఇంకో సంగతుంది. గో ఫుకాకుసా కుర్రవాడుగా ఉన్నప్పుడు అతనికి ఆడ మగ సంబంధం ఏమిటో నేర్పింది నిజో తల్లే. ఆ విషయం గో ఫుకాకుసాయే నిజోకు చెప్తాడు. తల్లి మీద ఉన్న మనసుతో, ఆమె కడుపున ఈ పిల్ల పుట్టినప్పటినుంచీ ఎదురుచూశానంటాడు. తనను పెంచినవాడూ అతనే, తన కోసం కాచుకున్నవాడూ అతనే. ఈ రెండూ ఒకే నోటితో, ఏ తడబాటూ లేకుండా చెప్పగలిగిన మనిషి గురించి ఆమె రాస్తోంది.

1271 కొత్త సంవత్సరం రోజు సారా వడ్డించే వేడుకలో గో ఫుకాకుసా ఆమె తండ్రితో ఒక కోరిక చెప్పాడు. తండ్రి ఒప్పుకున్నాడు. ఆ మాటల అర్థం నిజోకి తెలియదు. పక్షం రోజుల తర్వాత ఆమెను పుట్టింటికి పిలిపించారు. ఇల్లంతా కొత్త తెరలు, కొత్త చాపలు, ధూపం. ఏమిటీ హడావిడి అని అడిగితే నవ్వారు. సవతితల్లి తెల్లబట్టలు తెచ్చి పెట్టింది. నిజో కుంపటి పక్కన నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి పక్కన మాజీ చక్రవర్తి పడుకుని ఉన్నాడు. ఆమె ఏడ్చింది, లేచి పోబోయింది, ఒక్క మాటకీ బదులివ్వలేదు. మొదటి రాత్రి అలా గడిచింది. రెండో రాత్రి అతను మళ్లీ వచ్చాడు. ఆ రాత్రి ఆమె రాసింది ఎక్కువేం కాదు. పలుచని లోపలి బట్టలు చిరిగిపోయాయని రాసింది. ఇక బతికి ఉండాలని లేదని రాసింది.

ఆమెకు పద్నాలుగేళ్లు. అది అక్కడి లెక్క. పుట్టగానే ఒకటి, ప్రతి కొత్త సంవత్సరానికీ మరొకటి. మన లెక్కలో పన్నెండో పదమూడో. అదే లెక్కన అతనికి 29.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఇది. వద్దంది. రెండు రాత్రులూ వద్దంది.

అయితే ఇంత తేలిగ్గా జవాబు చెప్పి ఊరుకోలేకపోతున్నాను. ఆ మూడో రోజుకే నిజో గొంతు మారుతుంది. అతను వెళ్లిపోతుంటే ఇదేమిటి, నాకు తెలియకుండానే నా మనసు అతని వెంట పోతోందా అని తననే ప్రశ్నించుకుంటుంది. ఈ వాక్యం పట్టుకుని దీన్ని ప్రేమకథ అన్నవాళ్లున్నారు. అప్పటి కొలువులో పద్ధతే అంత, గెంజి కథల్లో అన్నీ ఇలాగే జరుగుతాయి, మగవాడు తెర తొలగించి లోపలికి రావడం, ఆడది ఏడవడం, తెల్లారాక ఉత్తరాలు రాసుకోవడం, దీన్ని ఇవాళ్టి కళ్లతో చూడకూడదు అన్నవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్లమీద కోపం లేదు, కొంతవరకు నిజమే చెప్పారు. నిజో చదువుకున్నది గెంజినే. తన జీవితం గురించి చెప్పుకోవడానికి ఆమెకు అందుబాటులో ఉన్న భాష శృంగార కథల భాష ఒక్కటే. ఆ భాషలో ఏడుపు కూడా అందంగా ఉండాలి. ఆ భాషలో బలాత్కారానికి మాట లేదు. కానీ ఆ అందమైన వాక్యాల మధ్య చిరిగిన బట్ట ఒకటి వచ్చి పడింది. దాన్ని ఆమె దాచలేదు. ముప్పయి ఏళ్ల పైన గడిచాక, సన్యాసినిగా కూర్చుని రాస్తూ, ఇన్ని సంగతులు మర్చిపోయి ఉండొచ్చు, ఆ చిరుగును మాత్రం మర్చిపోలేదు.

ఆమె ఎప్పుడూ బట్టల గురించే మాట్లాడుతుందని నవ్వుకున్నాం కదా. పుస్తకం పూర్తిచేసేసరికి నా నవ్వు పోయింది. ఆమె లోకంలో బట్ట ఒక ఉత్తరం, ఒక జీతం, ఒక హద్దు. ఆ కొత్త సంవత్సరంలోనే ఆమెకు మరో మగవాడు రహస్యంగా పట్టుబట్టలు పంపాడు. వాటిని బంధువులు పంపారని తండ్రికి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. అతన్ని ఆమె పుస్తకంలో 'మంచులో వేకువ' అని పిలుస్తుంది. సయొంజి సనెకానె అని పండితులు గుర్తుపట్టారు. గో ఫుకాకుసా పట్టమహిషి హిగాషి నిజోఇన్ ఆమె మీద చేసిన ఫిర్యాదుల్లో ముఖ్యమైనది కూడా బట్టల సంగతే. మూడు పొరల దుస్తులు వేసుకుని బండెక్కి వెళ్తుంటే పట్టమహిషే వెళ్తోందని జనం పొరబడుతున్నారట.

దీన్ని సవతి పోరు అని తీసిపారెయ్యడం తేలిక. హిగాషి నిజోఇన్ భర్తకన్నా పదకొండేళ్లు పెద్దది. వరసకు అతని తల్లికి చెల్లెలు. ఒకే సయొంజి ఇంటినుంచి అక్కను తండ్రికీ, చెల్లెల్ని కొడుక్కీ ఇచ్చి చక్రవర్తుల ఇంట్లో పట్టు నిలుపుకున్నారు మగవాళ్లు. మేనల్లుడిని కట్టుకున్న ఆమెకు చేతిలో మిగిలింది హోదా ఒక్కటే. దాన్ని కాపాడుకోవాలంటే ఎదురుగా కనిపించే శత్రువు పద్నాలుగేళ్ల పిల్ల. గో ఫుకాకుసా ఆ ఫిర్యాదుకు నిజో పక్షాన జవాబు రాస్తాడు, ఆమె తల్లి పేరు చెప్పి మరీ. ఇద్దరు స్త్రీల తగాదాలో న్యాయం చెప్పే పెద్దమనిషి పాత్ర అతనికి దక్కింది.

1272లో తండ్రి చనిపోతూ నిజోకు చెప్పిన బుద్ధులు గమనించదగ్గవి. ప్రభువును నమ్మకంగా కొలువు. ఆయన దయ తప్పితే సన్యాసం తీసుకో. అంతేకాని ఇంకొకరి కొలువులో చేరి వంశం పేరు చెడగొట్టకు. అప్పటికి ఆమె గర్భిణి. 1273లో కొడుకు పుట్టాడు. 1274లో పోయాడు. మరో బిడ్డ, సనెకానె వల్ల కలిగిన ఆడపిల్ల, అదే 1274లో రహస్యంగా పుట్టింది. నెలల లెక్క కుదరదు కాబట్టి గో ఫుకాకుసాకు తెలియకూడదు. జబ్బు చేసిందని తలుపులు మూసుకుంది. పురుడు పోసినవాడు సనెకానె. కత్తితో బొడ్డు అతనే కోశాడు, తెల్లబట్టలో చుట్టాడు, తల్లికి ఒక్కసారి చూపించి పిల్లను తీసుకుపోయాడు. రాజుగారికి గర్భం పోయిందని కబురు పంపారు. అతని భార్య ఆ పిల్లను సొంత బిడ్డలా పెంచింది. ఇది చదువుతున్నప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరిగాను.

ఆ 1274 నవంబరులోనే మంగోలుల ఓడలు క్యూషూ తీరానికి వచ్చాయి. జపాన్ చరిత్ర రాసేవాళ్లెవరూ వదలని ఘటన. నిజో దాని ఊసే ఎత్తదు. ఆమెకు బాహ్యప్రపంచం పట్టలేదని దీన్ని లోపంగా చూపిస్తారు. ఆ శరదృతువులో ఆమె ఒక బిడ్డను పోగొట్టుకుంది, మరో బిడ్డను అప్పగించింది. ఓడలు లెక్కపెట్టడానికి వేరే మనుషులున్నారు.

ఇంతవరకు చదివినప్పుడు నిజో నాకు బాధితురాలిగా కుదురుగా అమరిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ చలికాలంలోనే గో ఫుకాకుసాకు, ఇసె దేవాలయంలో కన్యాపూజారిణిగా ఉండి తిరిగివచ్చిన తన సవతి చెల్లెలి మీద మనసయింది. ఆమె దగ్గరికి రాయబారం నడిపింది నిజోయే. ఉత్తరం మోసింది, దారి చూపించింది, పక్కనే కాచుకుని ఉంది. తెల్లారాక ఏం రాసిందంటే, ఆ రాకుమార్తె మరీ తేలిగ్గా లొంగిపోయింది, తెల్లవారేదాకా మొండికేసి ఉంటే బాగుండేది అని. మూడేళ్ల క్రితం తాను మొండికేసిన పిల్ల ఈ మాట రాసింది. ఇందులో వెటకారం ఉందా, ఆ రెండు రాత్రుల మీద మిగిలిన పౌరుషం ఉందా, లేక కొలువు ఆమెకు నేర్పిన రుచి మాత్రమేనా? అన్నీ ఉన్నాయనే నాకనిపిస్తుంది. కొలువు జీవితం అంటే చంద్రోదయాలూ కవితలూ మాత్రమే కాదు, అది ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగంలో సారా పోయడం ఉంది, పాడటం ఉంది, ఇంకో ఆడదాన్ని తీసుకొచ్చి అప్పగించడం ఉంది. తనను అప్పగించుకోవడమూ ఉంది. 1277లో ఫుషిమి భవనంలో వయసు మళ్లిన ఒక పెద్ద మంత్రి ఆమె కొంగు పట్టుకుంటే, గో ఫుకాకుసా తెలిసే వెళ్లమన్నాడు.

అయినా ఆమె తల వంచుకుని బతికిన మనిషి కాదు. నాకు బాగా నచ్చిన ఘట్టం 1275 సంక్రాంతి రోజుల్లాంటి ఒక పండగ నాటిది. మొదటి నెల పదిహేనో రోజున గంజి కలిపే కర్రతో ఆడవాళ్ల నడుం మీద కొడితే మగపిల్లవాడు పుడతాడని నమ్మకం. ఆ ఏడు గో ఫుకాకుసా తన సభాసదులందర్నీ పోగేసి అంతఃపుర స్త్రీలను కొట్టించాడు. ఆడవాళ్లకు ఒళ్లు మండింది. మూడు రోజుల తర్వాత నిజో, ఇంకొందరు కలిసి తలుపుల దగ్గర కాపలా పెట్టి, అతన్ని ఒంటరిగా దొరకబుచ్చుకుని, ఇక ముందు మగవాళ్లతో కొట్టించనని ఒప్పుకునేదాకా బాదారు. అతను వెళ్లి సభలో ఫిర్యాదు చేశాడు. చక్రవర్తి మీద చెయ్యి చేసుకున్నందుకు శిక్ష ఏమిటని పెద్దలు గంభీరంగా చర్చించి, నిజో బంధువుల మీద జరిమానాలు వేశారు. ఒక్కొక్కరూ కట్టుకుంటూ పోగా చివరికి, ఆమెను నాలుగో ఏటినుంచీ పెంచింది తమరే కాబట్టి తమరూ కట్టాలి అని తేల్చారు. అతనూ కట్టాడు. అందరూ తాగారు, నవ్వుకున్నారు. చర్చిల్ తన అంకం చివర్లో ఈ ఘట్టాన్నే పెట్టింది. నాటకంలో అది విజయగర్జనలా వినిపిస్తుంది. మూలంలో అంత లేదు. దెబ్బ నిజమే, నొప్పీ నిజమే, కానీ అది ఏడాదికి ఒకసారి ఇచ్చిన సెలవు.

సెలవు లేని రోజున ఆమె చేసిన తిరుగుబాటు వేరు. 1277లో గెంజి కథలోని స్త్రీల కచేరీని కొలువులో ఆడవాళ్లతో మళ్లీ ప్రదర్శించాలనుకున్నారు. బివా వాయించే అకాషీ స్త్రీ పాత్ర నిజోది. ఆ పాత్ర అందరికన్నా తక్కువ హోదా గలది. సరే అని కూర్చుంది. తీరా కచేరీ మొదలయ్యే ముందు తాతగారు వచ్చి, తన కూతురికి పై స్థానం కావాలని నిజోను ఇంకా కిందికి జరిపాడు. ఆమె ఒక కవిత రాసిపెట్టి, బండి తెప్పించుకుని వెళ్లిపోయింది. ఇక జన్మలో బివా ముట్టనని ఒట్టు పెట్టుకుంది. ఎవరితోనో పడుకోమన్నప్పుడు లేచి వెళ్లలేకపోయిన మనిషి, కూర్చునే చోటు మార్చినప్పుడు లేచి వెళ్లిపోయింది. మొదట ఇది నాకు అర్థం కాలేదు. తర్వాత అనిపించింది, మొదటిదాంట్లో వద్దనడానికి ఆమెకు చోటే లేదు. రెండోదాంట్లో ఆమె చేతిలో ఒక విద్య ఉంది. కాదనగలిగింది ఆ విద్యనే.

1283లో ఆమెను కొలువునుంచి పంపేశారు. పట్టమహిషి పట్టుబట్టింది, గో ఫుకాకుసా ఈసారి అడ్డు చెప్పలేదు. తండ్రి చెప్పినట్టే ఆమె సన్యాసిని అయింది. చాలామందికి అది జీవితానికి ముగింపు. నిజోకు కాదు. తొమ్మిదేళ్ల వయసులో ఆమె సైగ్యో అనే కవి సన్యాసి యాత్రల బొమ్మల చుట్ట ఒకటి చూసింది, తానూ అలా తిరగాలనుకుంది. పుస్తకంలో చివరి రెండు భాగాలూ ఆ తిరుగుడే. 1289లో కమకురా చేరింది. అక్కడ పదవి పోయిన షోగున్‌ను పల్లకీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి తీసుకుపోవడం కళ్లారా చూసింది. అధికారం చేతిలో ఉన్న ఒక సైనిక నాయకుడి భార్యకు హిగాషి నిజోఇన్ పట్టుబట్టలు పంపితే, అక్కడి వాళ్లు రంగుల వరస తెలియక తలకిందులుగా కుట్టించారు. సరిచేయడానికి పిలిపించింది నిజోను. తనను వెళ్లగొట్టిన ఆమె పంపిన బట్టల్ని తానే సవరించడం! దాని మీద ఆమె వ్యాఖ్య ఏమీ చెయ్యదు. రంగులు ఎలా ఉండాలో చెప్పి ఊరుకుంటుంది.

1302లో పడమటి దేశ యాత్రలో ఇంకో సంగతి జరిగింది. ఒక పల్లెటూరి దొర ఇంట్లో ఆమె ఆతిథ్యం తీసుకుంది. అతను మనుషుల్ని కట్టి కొట్టించడం చూడలేక అతని అన్న ఇంటికి మారింది. ఆ దొర, ఈవిడ ఎన్నాళ్లనుంచో నా దాసి, పారిపోయింది, మా అన్న ఎత్తుకుపోయాడు అని గొడవకు దిగాడు. కమకురాలో ఆమెను ఎరిగినవాళ్లు ఒకరు వచ్చి చెప్పబట్టి బయటపడింది. మంత్రి కూతురు, చక్రవర్తి పక్కన మసలిన మనిషి. పేరు చెప్పుకోకపోతే ఆడది ఎవరో ఒకరి సొత్తే. ఆమె పేరు చెప్పుకోగలిగింది. ఆ ఇంట్లో దెబ్బలు తింటున్న వాళ్లకు ఆ వీలు లేదు. వాళ్ల గురించి నిజో ఒకటి రెండు వాక్యాలు రాసింది, అంతే.

గో ఫుకాకుసాను ఆమె ఈ యాత్రల మధ్య రెండుసార్లు కలిసింది. ఒకసారి ఇవషిమిజు గుడిలో అతను గుర్తుపట్టి, తన ఒంటిమీది బట్టలు ఇచ్చాడు. ఇంకోసారి ఫుషిమిలో రాత్రంతా మాట్లాడాడు. ఏం మాట్లాడాడంటే, దేశాలు పట్టి తిరుగుతున్నావు, ఏ మగవాళ్లతో ఉన్నావు అని అడిగాడు. ఎవరితోనూ లేనని ఆమె ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది. 1304లో అతను పోయాడు. శవయాత్ర కదిలే వేళకు ఆమెకు చెప్పులు దొరకలేదు. వట్టికాళ్లతో వెంటపడింది. కాళ్లు బొబ్బలెక్కి వెనకబడింది. తెల్లారేసరికి స్మశానం దగ్గర పొగ మాత్రం మిగిలింది.

ఆమె అతన్ని ద్వేషించాలని నేను చాలా కోరుకున్నాను. పుస్తకం పొడుగునా ఆ ఒక్క వాక్యం కోసం వెతికాను. లేదు. ఆ పొగను చూసి ఆమె ఏడ్చిన ఏడుపు నిజం. చిరిగిన బట్ట కూడా నిజమే. రెండోదాన్ని నమ్మడానికి మొదటిదాన్ని కొట్టెయ్యక్కర్లేదని ఒప్పుకోవడానికి నాకు రెండోసారి చదవాల్సి వచ్చింది.

ఆమె తర్వాత కొన్ని దశాబ్దాలకు 'మసుకగామి' అనే చరిత్ర గ్రంథం వచ్చింది. ఆ కాలపు కొలువు గురించి పెద్ద ఆధారం అది. అందులో నిజో రాసిన ఘట్టాలు చాలా ఉన్నాయి, ఆమె రాసినవని చెప్పకుండా. ఆమె పుస్తకం మాత్రం కనబడకుండా పోయింది. ఒకే ఒక్క ప్రతి, పదిహేడో శతాబ్దంలో ఎవరో నకలు రాసింది, రాజకుటుంబ గ్రంథాలయంలో భూగోళ శాస్త్ర గ్రంథాల మధ్య పడి ఉంది. యమగిషి తొకుహెయ్ అనే పండితుడు పట్టికలో ఆ విచిత్రమైన పేరు చూసి బయటికి తీశాడు. 1940లో దాని గురించి ప్రకటించాడు. చక్రవర్తి దేవుడని నమ్మించి యుద్ధం చేస్తున్న రోజులవి. ఒక చక్రవర్తి పడకగది సంగతులు అచ్చువేసే వీలు అప్పుడు లేదు. మొత్తం పుస్తకం 1950లో వెలువడింది.

ఆ ప్రతిలో అక్కడక్కడ ఖాళీలున్నాయి. నకలు రాసినవాళ్లు నిజాయితీ గల మనుషులు, కారణం కూడా రాసిపెట్టారు. పుస్తకం చిట్టచివర, నిజో తన యాత్రలన్నీ వృథా కాకూడదనే ఎవరూ అడక్కపోయినా ఇది రాశానని చెప్పుకున్న తర్వాత, ఇక్కడినుంచి కాగితాన్ని మళ్లీ కత్తితో కోసేశారు, ఏముండేదో తెలియడం లేదు అని ఒక చిన్న గమనిక ఉంది.